పురిటికి వెళ్ళే విమానం

ఆ ఊరికి వెళ్ళే ఆఖరి విమానం ఎక్కే ముందు పెట్టెతో పాటు మనిషిని కూడా తూస్తారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. కౌంటర్లో ఉన్న అమ్మాయి కాటా చూపించి "ఎక్కండి" అంటే, పెట్టె పెట్టమంటోందనుకుని మళ్ళీ పెట్టె ఎత్తాను. "అది అయిపోయింది. ఇప్పుడు మీరు" అంది. లావాటి కోటు, మోకాళ్ళ దాకా బూట్లు, భుజాన సంచీ, అన్నిటితో కలిపి ఎక్కి నిలబడ్డాను. వెనక వరసలో ఎవరూ నవ్వలేదు. వాళ్ళకది మామూలే. విమానం చిన్నది, ఎవరు ఎంత బరువో తెలియాలి.

సెలవుకి ఇంటికొచ్చి, ఇక్కడి నుంచే ఆ ఊరికి వెళ్ళాను కాబట్టి, గన్నవరంలో బయలుదేరాక నాకది ఐదో విమానం. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి కెనడా, ఆ దేశం మధ్యలో ఒక నగరం, తర్వాత సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్నం, ఆ తర్వాత ఈ ఊరు. ఢిల్లీ దాటాక ప్రతి విమానమూ ముందుదాని కంటే చిన్నది. ఈ చివరిదానిలో ముందు సగమంతా సరుకు: పాలపొడి డబ్బాలు, మందుల పెట్టెలు, పసిపిల్లల డైపర్లు, మంచు మీద నడిపే స్నోమొబైల్ బండిది ఒక ఇంజిను. మధ్యలో గుడ్డతెర. తెర వెనక ఎనిమిది సీట్లలో మేం ఆరుగురం. సరుకు ఎక్కించినాయనే చేతి తొడుగులు తీసేసి వెళ్ళి విమానం నడిపాడు.

నేను కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని. పైనుంచి చూస్తే కాలవ, గట్టు, మడి, మళ్ళీ కాలవ, ఇలా అడుగడుగునా మనిషి చెయ్యి పడిన నేల మాది. అక్కడ రెండు గంటల సేపు కిటికీకి నుదురు ఆనించి చూశాను. తెల్లటి నేల మీద ఒక్క గీత కూడా కనిపించలేదు.

నేను నర్సుని. విజయవాడలో ఒక ఆసుపత్రి పురిటి వార్డులో పదకొండేళ్ళు చేశాను. తర్వాత ఆరేళ్ళు మస్కట్. అక్కడి నుంచి పరీక్షలు రాసి కెనడా. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక కథేమీ లేదు. ఒక వయసులో కుదరలేదు, తర్వాత నేనూ అడగలేదు, ఎవరూ అడగలేదు. అమ్మా నాన్నా పోయాక నాకంటూ ఉన్నది అన్నయ్య, వదిన, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. అన్నయ్యకి ఆటోనగర్లో లారీ స్పేర్ పార్ట్స్ కొట్టు. ఆ పిల్ల పుట్టినప్పుడు వార్డులో నా డ్యూటీయే. డాక్టరమ్మ తర్వాత ఆ పిల్లని మొదట పట్టుకున్న చేతులు నావి. వదిన ఆ మాట ప్రతి పుట్టినరోజుకీ చెప్పేది.

ఉత్తరాన ఆ ఊళ్ళో నర్సు కావాలన్నప్పుడు ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నగరంలో నా గది నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి గదికీ తిరుగుతూ ఎలాగూ ఒక్కదాన్నే ఉంటున్నాను, అక్కడైనా ఒకటే అనుకున్నానేమో. ఒకటి కాదని వెళ్ళాక తెలిసింది.

ఆ మంచు నేలల ఆదివాసులు, ఇన్యూట్ జనం ఐదారు వందల మంది ఉండే ఊరు. బయటికి రోడ్డు లేదు. వేసవిలో ఒకటి రెండు సార్లు ఓడ వస్తుంది. మిగతాదంతా విమానమే, అదీ వాతావరణం బావుంటేనే. ఆరోగ్య కేంద్రంలో మేం ముగ్గురు నర్సులం. డాక్టరు నెలకో నెలన్నరకో విమానంలో వచ్చి నాలుగు రోజులుండి వెళ్తాడు.

మొదటి రెండు నెలలూ నా పేషెంట్లు నాతో మాట్లాడటం లేదనుకుని బాధపడ్డాను. "నొప్పి ఉందా?" అంటే చూసి ఊరుకునేవాళ్ళు. చివరికి మా క్లర్కు నవ్వుతూ చెప్పింది. "వాళ్ళు జవాబు చెప్తూనే ఉన్నారు. కనుబొమలు పైకెత్తితే అవును. ముక్కు చిట్లిస్తే కాదు." అప్పుడు అర్థమైంది, నేను 'సరే' అన్నట్టు తల అటూ ఇటూ ఊపితే వాళ్ళకీ ఏమీ తెలియడం లేదని. ఇద్దరం జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాం, ఇద్దరికీ వినపడలేదు.

ఆ ఊళ్ళో కాన్పులు చెయ్యరు. ఆపరేషన్ థియేటర్ లేదు, రక్తం నిల్వ లేదు. అందుకని నెలలు నిండడానికి నాలుగు వారాల ముందే గర్భిణిని విమానం ఎక్కించి నగరానికి పంపేస్తారు. అక్కడ ఇలాంటి వాళ్ళ కోసమే ఒక హాస్టలు లాంటి ఇల్లుంది. నొప్పులొచ్చేదాకా అందులో ఉండాలి. ఆ రోజుల్లో ఏదో ప్రత్యేక కారణం ఉంటే తప్ప తోడుగా ఇంకొకరికి టికెట్ ఇచ్చేవాళ్ళు కాదు. ఒప్పించి, తేదీ చూసి, టికెట్ రాయించి, విమానం దాకా దిగబెట్టడం నా పని. అది సరైన పనేనని నాకు అనుమానం లేదు. రక్తం ఆగక చనిపోయిన తల్లుల్ని నేను కళ్ళారా చూశాను.

మొదటి ఏడాది వేసవిలో ఒక అమ్మాయి తొలి చూలుతో వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. తల్లి లేదు, అమ్మమ్మ పెంచింది. భర్త గనిలో పని చేస్తాడు, రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ. ప్రయాణం సంగతి మాట్లాడటానికి రమ్మంటే అమ్మమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. ముసలామెకి మోకాళ్ళు పని చెయ్యవు. మంచు కరిగి స్నోమొబైల్ నడవని కాలం, కాబట్టి ఇద్దరు మగవాళ్ళు ఆమెని నాలుగు చక్రాల బండి మీద తెచ్చి లోపలికి ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె వాళ్ళ భాషలో అడిగింది, మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది.

"మా అమ్మమ్మ ఈ ఊళ్ళో చాలామందిని పుట్టించింది. మీ దేశంలో ఆడపిల్ల తొలి కాన్పుకి ఎక్కడికి వెళ్తుందని అడుగుతోంది."

"పుట్టింటికి వెళ్తుంది" అన్నాను.

"అంటే?"

"వాళ్ళమ్మ దగ్గరికి. వాళ్ళే సారె, చీరె తెచ్చి అత్తగారింటి నుంచి తీసుకెళ్తారు. పుట్టాక కూడా మూణ్ణెల్లో, ఐదు నెల్లో అక్కడే ఉంటుంది."

ముసలామె ఆ మాట విని చాలాసేపు నన్నే చూసింది. తర్వాత ఏదో అంది. అమ్మాయి చెప్పడానికి తటపటాయించింది.

"ఏమంటోంది?"

"అయితే నువ్వు తెలిసే చేస్తున్నావు, అంటోంది."

నేను రక్తం గురించి, రక్తపోటు గురించి, బిడ్డ అడ్డం తిరగడం గురించి చెప్పాను. ముసలామె అంతా విని కనుబొమలు పైకెత్తింది. నేను చెప్పినవన్నీ ఆమెకి తెలుసు. నాకంటే ముందే తెలుసు.

విమానం రోజున అమ్మాయి రాలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నాకు అప్పుడే సెలవు వచ్చింది, గుణదలలో అన్నయ్య కట్టుకున్న కొత్తింటి గృహప్రవేశానికి విజయవాడ వెళ్తున్నాను, అదే విమానంలో. "నగరం దాకా నేనూ వస్తున్నాను. నీ పక్కనే కూర్చుంటాను. నిన్ను ఆ ఇంట్లో దించి అప్పుడే వెళ్తాను" అన్నాను. కదల్లేదు. "మా ఊరు వెళ్ళాక కూడా ఫోన్ చేస్తాను. ఆదివారం సాయంత్రం నీ భోజనం అయ్యాక. తప్పకుండా చేస్తాను" అన్నాను. అప్పుడు లేచింది.

ఆ రోజు పొగమంచు. విమానం ఊగింది, ఒకచోట ఒక్కసారిగా కిందికి జారింది. నేను సీటు చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అమ్మాయి నా చేతిలో చూయింగ్ గమ్ పెట్టి, "నములు, చెవులు నొప్పి పుట్టవు" అంది. ఎనిమిది నెలల కడుపుతో ఉన్న పిల్ల నాకు ధైర్యం చెప్తోంది. నగరంలో ఆ ఇంట్లో ఆమెకి మంచం చూపించి, గోడ మీద ఫోన్ ఎక్కడుందో చూపించి, అక్కడి ఆవిడకి అప్పగించి, నేను నా విమానానికి వెళ్ళిపోయాను.

గృహప్రవేశం సోమవారం పొద్దున్నే. వాళ్ళ ఆదివారం సాయంత్రం మాకు సోమవారం ఉదయం. ఆ వేళకి నేను పట్టుచీర కట్టుకుని, వంటింట్లో వదిన పక్కన నిలబడి పాలు పొంగడం చూస్తున్నాను. ఇంటి నిండా చుట్టాలు. మచిలీపట్నం నుంచి, గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి వచ్చారు. ఎన్నేళ్ళకో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళు. "ఏమ్మా, అక్కడ మరీ అంత చలంట గదా, ఎట్టా ఉంటున్నావ్?" అని అడిగి, నేను చెప్పబోయేలోపే "ముందు తిను, తిను" అనేవాళ్ళు. నాకు బావుంది. ఎంత బావుందంటే, ఆ అమ్మాయి నాకు గుర్తే రాలేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నయ్య కొట్లో కూర్చున్నాను. ఒక లారీ డ్రైవరు వచ్చి, తన ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందని, అన్నయ్య ఫోన్ అడిగి తీసుకుని ఇంటికి చేశాడు. "చేరానని చెప్దామనే. ఆఁ, చేరాను. ఉంటా మరి." అంతే, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. నేను చెయ్యాల్సిన ఫోన్ నాకు అప్పుడు గుర్తొచ్చింది.

వాళ్ళకి తెల్లవారేదాకా ఆగి చేశాను. ఆ ఇంటి ఆవిడ ఎత్తింది. "నొప్పులు ముందే వచ్చేశాయి, నాలుగు రోజుల క్రితం కాన్పు అయింది. మగపిల్లాడు, బాగానే ఉన్నాడు. నిన్ననే వెళ్ళిపోయారు" అంది. నేను హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ అంది. "మీరు దించి వెళ్ళాక వచ్చిన ఆదివారం సాయంత్రం బయట సినిమాకి అందరినీ తీసుకెళ్ళాం. ఆ పిల్ల రాలేదు. ఫోన్ వస్తుందని ఇక్కడే కూర్చుంది. మీదేనా?"

"నాదే" అన్నాను.

వెనక్కి వెళ్ళాక టీకా వేయించడానికి బిడ్డని తెచ్చింది. వీపు వెనక పెద్ద టోపీలాంటి సంచీ ఉన్న కోటులో పిల్లాణ్ణి వేసుకుని వచ్చింది. నేను క్షమించమన్నాను. "పరవాలేదు" అంది. కోపంగా అనలేదు. నా నుంచి ఇంకేమీ ఎదురు చూడని మనిషి ఎలా అంటుందో అలా అంది. తర్వాత రెండేళ్ళూ ఎదురైతే పలకరించేది. మంచి చేప దొరికితే ఒక ముక్క పంపేది. కానీ ఆ "పరవాలేదు" మా మధ్య అలాగే ఉండిపోయింది.

మూడో ఏడు శీతాకాలంలో ఆమె అమ్మమ్మ పోయింది. అప్పటికి అమ్మాయికి మళ్ళీ ఐదో నెల. మాఘమాసానికి ప్రయాణం పడింది. అదే మాఘమాసంలో ఇక్కడ నా మేనకోడలి పెళ్ళి. వదిన ఆరు నెలల ముందే చెప్పేసింది. "నీ చేతుల్లో పడ్డ పిల్ల. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు ముందు నువ్వే నలుగు పెట్టాలి. ఇంకెవరి చేతా పెట్టించను." నేను సెలవు పెట్టాను, టికెట్లు తీసుకున్నాను.

అమ్మాయి మొదటి విమానానికి రాలేదు. బతిమాలుతూ వారాలు గడిచాక పెట్టిన రెండోదానికీ రాలేదు. రెండోసారి వెళ్తే తలుపు తియ్యలేదు. నేను బయట మెట్ల మీద నిలబడి తలుపుతోనే మాట్లాడాను. "ఈసారి దించేసి వెళ్ళను. బిడ్డ పుట్టేదాకా నీతో ఉంటాను" అన్నాను. అనే ముందు ఆలోచించలేదు. అన్నాక వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకున్నాను. పెళ్ళికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఆమెకి నెలలు నిండడానికి వారం. వారం అక్కడుండి, కాన్పు చూసుకుని, పెళ్ళికి నాలుగు రోజుల ముందే చేరొచ్చు. సరిపోతుంది.

వాతావరణం మా లెక్క వినలేదు. ఆరు రోజులు విమానం రాలేదు. రోజూ పెట్టెలు సర్దుకుని, రన్‌వే పక్కన ఉన్న ఒంటిగది టెర్మినల్లో కూర్చునేవాళ్ళం. గాలి రేకుల్ని బాదేది. మధ్యాహ్నానికి ఏజెంటు వచ్చి "ఇవాళ రాదు" అనేవాడు. ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం. ఏడో రోజు వచ్చింది. ఇద్దరం తూకం కాటా ఎక్కాం, ఎక్కి కూర్చున్నాం. భర్తకి గనిలో సెలవు దొరకలేదు, కొడుకుని అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. విమానం లేచేటప్పుడు ఆ పిల్లాడు టెర్మినల్ కిటికీ అద్దానికి రెండు చేతులూ ఆనించి నిలబడి ఉండటం ఇద్దరం చూశాం. ఆమె అటు నుంచి తల తిప్పలేదు. చూయింగ్ గమ్ కూడా తియ్యలేదు.

ఆ ఇంట్లో ఉండి చూస్తే గానీ నాకు తెలియలేదు, నేను ఇన్నాళ్ళూ వాళ్ళని ఎక్కడికి పంపుతున్నానో. చెడ్డ చోటు కాదు. శుభ్రంగా ఉంటుంది, వేడిగా ఉంటుంది, తిండి పెడతారు. హాల్లో సోఫాల్లో ఆరేడుగురు కడుపులతో కూర్చుని టీవీ చూస్తూ ఉంటారు. ఒక్కొక్కరూ ఒక్కో ఊరు, ఒకళ్ళకొకళ్ళు తెలియదు. మధ్యమధ్యలో ఒకరు లేచి వెళ్తారు, తిరిగి రారు. కాన్పయిందని తర్వాత తెలుస్తుంది. కిటికీలోంచి కార్లు ఆపుకునే స్థలం కనిపిస్తుంది. రోజంతా అదే.

నెలలు నిండాయి. నొప్పులు రాలేదు. రెండు రోజులు, నాలుగు రోజులు. నేను పెళ్ళికి అందాలంటే ఎక్కాల్సిన ఆఖరి విమానం రేపనగా, వదినకి ఫోన్ చేశాను.

"బయలుదేరావా అమ్మాయ్?"

"లేదు వదినా. ఇక్కడొక అమ్మాయికి పురుడు రావాలి. ఒక్కతే ఉంది. వదిలి రాలేను."

అవతల మిక్సీ శబ్దం ఆగింది. "డాక్టర్లు లేరా అక్కడ?"

"ఉన్నారు."

"నర్సులు?"

"ఉన్నారు."

"మరి ఆ పిల్ల నీకేమవుద్ది?"

"ఏమీ అవదు వదినా."

వదిన గొంతు పెంచలేదు. అరిచినా బావుండేది. "సరే మరి. మీ అన్నయ్యకి నువ్వే చెప్పుకో" అని ఫోన్ అందించబోయింది. అన్నయ్య గొంతు దూరంగా వినపడింది, "నాకు పనుంది, తర్వాత" అని. ఆ 'తర్వాత' రాలేదు.

ఎవరో పెద్దమ్మ వరస ఆవిడ నా బదులు నలుగు పెట్టిందని తర్వాత ఫోటోల్లో చూశాను.

పెళ్ళి ఇక్కడ రాత్రి ముహూర్తం. మాకక్కడ పొద్దున. పెళ్ళికొడుకు తరఫు ఎవరో కుర్రాడు వీడియో పెట్టి ఫోన్ పట్టుకున్నాడు. నాకు ఎక్కువసేపు కనిపించింది పందిట్లో పూల దండలు, తిరిగే ఫ్యాన్లు, ఎవరివో భుజాలు. మధ్యలో ఒక్క క్షణం నా మేనకోడలి ముఖం, బుగ్గన చుక్కతో. అమ్మాయి నా పక్కన సోఫాలో కూర్చుని అదంతా చూస్తోంది.

"ఎవరు?"

"మా అన్న కూతురు."

"నువ్వు అక్కడ ఉండాలి కదా?"

నేను కనుబొమలు పైకెత్తాను.

"ఉండమని నేను అడగలేదు" అంది.

నిజమే. ఆమె అడగలేదు. ఫోన్ మాట కూడా ఆ రోజుల్లో నేనే ఇచ్చాను, ఇప్పుడీ మాట కూడా నేనే ఇచ్చాను. ఆమె రెండుసార్లూ తలుపు వేసుకుని పడుకుంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. ఆమె లేచి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది, చక్కెర ఎక్కువ వేసి. నేను అలాగే తాగుతానని ఎప్పుడు చూసిందో తెలియదు.

మర్నాడు ఉదయం నొప్పులు మొదలయ్యాయి. ఆ ఆసుపత్రిలో నేను నర్సుని కాదు, తోడు వచ్చిన మనిషిని మాత్రమే. ఏ పరికరమూ ముట్టుకోకూడదు. ఇరవై ఏళ్ళు దాటిన ఉద్యోగంలో మొదటిసారి పురిటి గదిలో ఖాళీ చేతులతో నిలబడ్డాను. తల వైపు నిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. తుడిచి, చుట్టి ఇచ్చాక, ఆమె కాసేపు చూసుకుని, మాట్లాడకుండా బిడ్డని నా ఒళ్ళో పెట్టి నిద్రపోయింది. గంటన్నర నిద్రపోయింది. నా కాలు తిమ్మిరెక్కింది, కదపలేదు.

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. ఉత్తరాన చిన్న పట్నం దాకా కలిసే వెళ్ళాం. అక్కడ ఆఖరి విమానానికి సరుకు ఎక్కువైంది. తల్లీబిడ్డలకి చోటుంది, నాకు లేదు. "ఎల్లుండి విమానానికి పంపిస్తాం" అన్నారు. ఆమె తెర వెనక్కి వెళ్ళే ముందు వెనక్కి తిరిగి చూసింది. బిడ్డ టోపీ సంచీలో వీపు మీద ఉంది, నాకు జుట్టు మాత్రమే కనిపించింది.

రెండు రోజులాగి నేను దిగినప్పుడు టెర్మినల్లో ఏజెంటు తప్ప ఎవరూ లేరు. రెండు రోజుల క్రితం తల్లీబిడ్డల కోసం ఊరంతా వచ్చిందని, ఈ గదిలో నిలబడటానికి చోటు లేదని అతను సంతోషంగా చెప్పాడు. నేను నా సంచీ భుజాన వేసుకుని ఇంటికి నడిచాను. ఆమె మీద కోపం రాలేదు. ఆమె మనుషులు ఆమెకున్నారు. నా మనుషుల్ని నేను పోగొట్టుకున్న సంగతి ఆమెకెందుకు పట్టాలి? అయినా దారిలో ఆమె ఇంటి ముందు నుంచి వెళ్తుంటే కాళ్ళు నెమ్మదించాయి. లోపల నవ్వులు వినపడుతున్నాయి. నేను తలుపు తట్టలేదు.

ఇంకో ఏడాదిన్నర చేసి మానేశాను. వచ్చేసే ముందు బడి హాల్లో వీడ్కోలు పెట్టారు. కేకు కోశారు, పెద్దవాళ్ళు డోలు వాయించి పాడారు, అందరూ కావలించుకున్నారు, కొందరు ఏడ్చారు. అమ్మాయి ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చింది. మర్నాడు టెర్మినల్‌కి ముప్ఫై మంది దాకా వచ్చారు. విమానం రాలేదు. రెండో రోజు పది మంది వచ్చారు. మూడో రోజు మా క్లర్కు ఒక్కతే వచ్చి, పని ఉందని మధ్యలో వెళ్ళింది. నాలుగో రోజు నేనొక్కదాన్నే కూర్చున్నాను. విమానం ఆ రోజు వచ్చింది. వీడ్కోలు ఒక్కసారే చెప్పగలం కాబోలు, ఎవరైనా. రోజూ చెప్పమంటే ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు భవానీపురంలో ఉంటున్నాను, మూడో అంతస్తులో రెండు గదులు. వారానికి నాలుగు రోజులు ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఆదివారాలు వదిన కూర పంపిస్తుంది, పనమ్మాయితో. స్టీలు గిన్నె కడిగి తిరిగి పంపిస్తాను. నా మేనకోడలు ఎప్పుడైనా వీడియో కాల్ చేసి "అత్తా, తిన్నావా?" అంటుంది. పెళ్ళి మాట ఎత్తదు. నేనెత్తితే "వదిలెయ్ అత్తా, అయిపోయిందిగా" అంటుంది. అన్నయ్య నాతో మాట్లాడడని కాదు. కరెంటు బిల్లు గురించి, బీపీ మాత్రల గురించి మాట్లాడతాడు. నేను అక్కడ గడిపిన ఐదేళ్ళలో ఒక్క రోజు గురించి కూడా అడగలేదు. అడిగే వాళ్ళెవరూ లేరు. పిల్లలు క్లాసులో "మేడమ్, అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయాండీ?" అని అడుగుతారు. ఉంటాయని చెప్తాను.

మొన్న మేనకోడలు నాలుగు రోజులుండి బెంగుళూరు వెళ్తుంటే, దిగబెట్టడానికి నేనూ వస్తానన్నాను. వదినకి నడుం నొప్పి, రాలేదు. గన్నవరంలో ఆ పిల్ల లోపలికి వెళ్ళి చెయ్యి ఊపాక, అన్నయ్యా నేనూ కారు దగ్గరికి వచ్చాం. హైవే ఎక్కాం. కేసరపల్లి దాటాక, రోడ్డు వైపు చూస్తూనే అన్నాడు.

"అక్కడ విమానం దిగాక నిన్ను తీసుకెళ్ళడానికి ఎవరొచ్చేవాళ్ళు?"

"ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు అన్నయ్యా. ఆ ఊళ్ళో తెలియని వాళ్ళుండరు. బండి ఉన్నవాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు."

"ఎవరూ రాకపోతే?"

"నడిచేదాన్ని. పది నిమిషాలే."

"చలిలోనా?"

"ఆఁ."

అన్నయ్య చెయ్యి చాపి ఏసీ కొంచెం తగ్గించాడు. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో పావుగంట ఆగిపోయాం. భవానీపురంలో మా అపార్ట్‌మెంటు ముందు కారు ఆపి, ఇంజిను ఆపకుండానే, "లిఫ్టు పని చేస్తోందా?" అన్నాడు.

"చేస్తోంది. పైకి రా అన్నయ్యా, కాఫీ తాగి వెళ్దువుగాని."

"ఇంకోసారి వస్తాలే. కొట్టు తెరిచి వదిలేసొచ్చాను."

నేను దిగాను. నేను గేటు లోపలికి వెళ్ళేదాకా అన్నయ్య కారు కదపలేదు. లిఫ్టు దగ్గరికి వెళ్ళాక వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు కదిలించాడు.